తొగ్బె ఆరగించిన తాళంచెవి

ప్రయోగశాల వెనుక, తాటాకు కప్పిన కొట్టంలో నలభై పెండలపు దుంపలు ఉండవలసిన చోట ఆ గురువారం ఉదయం ముప్పైతొమ్మిదే ఉన్నాయి. సెఫాకోర్ క్లుట్సే వాటిని ఎడమనుండి కుడికి ఒకమారు, కుడినుండి ఎడమకు మరొకమారు లెక్కించింది. కన్నులు మూసి, దైవాన్ని తలచుకొని, మళ్ళీ తెరచి చూసింది. మూడవ వరుసలో నాలుగవ చోటు, పాలపన్ను ఊడిన పసివాని నోటివలె, ఏ సంకోచమూ లేకుండా ఆమెను చూసి నవ్వుతున్నది.

మరే దుంప పోయినా ఆమె ఇంత కలతపడేది కాదు. పోయినది తాళంచెవి.

లవీకొపె ఊరి మూలికా వైద్యుల సంఘంలో అరవై ఒక్కరు సభ్యులు. ఏ ఆకు ఏ జ్వరానికి పనికివస్తుంది, ఏ వేరును ఏ పూట తవ్వాలి, దేనితో కలిపి నూరాలి అన్న విద్య అంతా వారి నాలుకలమీద తప్ప మరెక్కడా లేదు. సెఫాకోర్ మూడేళ్ళపాటు ఇల్లిల్లూ తిరిగి, చాపలమీద కూర్చుండి, వారు పెట్టిన అడెమె ఆకు పులుసు తిని, ఒక్కొక్కరినే బతిమాలి, వారి గొంతులను యంత్రంలో నింపింది. వారిలో తొమ్మండుగురు ఇప్పుడు లేరు. వారి విద్య ఆ యంత్రంలో మాత్రమే మిగిలి ఉన్నది. దానికి మరొక ప్రతి లేదు.

వారు ఊరికే చెప్పలేదు. మందుల కంపెనీలవారు గాని, రాజధాని అక్రానుండి కార్లలో దిగే పెద్దమనుషులు గాని ఒక్క మాటైనా వినరాదని మాట తీసుకొని చెప్పారు. ఆ మాట నిలుపుకొనడానికే తాళం.

ప్రాణమున్న ప్రతిదాని లోపల, కణకణంలోనూ, నాలుగే నాలుగు అక్షరాలతో సాగే పొడవైన రాత ఒకటి ఉంటుంది. డీఎన్ఏ అని మనం పేరు పెట్టుకొన్నది దానికే. ఆ రాతలో ఇరవైనాలుగు చోట్ల అక్షరాలను ఏరి వరుసగా పేర్చితే పెద్ద సంఖ్య ఒకటి పుడుతుంది. ఆ సంఖ్యతోనే సెఫాకోర్ ఆ గొంతులన్నిటినీ ఎవరికీ అంతుపట్టని గూఢలిపిగా మార్చింది. ఆ సంఖ్యను ఏ కాగితంమీదా రాయలేదు, ఏ కంప్యూటరులోనూ దాచలేదు. దుంపలోనుండి గోరంత ముక్క కోయాలి, చదవాలి, తాళం తీయాలి, సంఖ్యను చెరిపివేయాలి. నలభై రకాల దుంపలలో తాళంచెవి ఏదో ఆమెకు తప్ప మరెవరికీ తెలియదు. ఆ దుంపలో చదవవలసిన చోట్లు ఏవో ఆమెకు సైతం తెలియదు. వాటిని యంత్రమే చీట్లు వేసినట్టు ఎంచి, ఆ చోట్లను మాత్రమే వెదకి పట్టుకొనే చుక్కలను ఇరవైనాలుగు చిన్న సీసాలలో నింపి ఇచ్చింది. ఆ సీసాలు సంఘపు పెద్ద అబ్లావి ఇంట, ఆమె మందుల అలమరలో, ఆమె సొంత సీసాల నడుమ కలిసిపోయి ఉన్నాయి.

“దుంప నీ దగ్గర, సీసాలు నా దగ్గర. రెండో తాళంచెవి ఉండనే కూడదు,” అని అబ్లావి మొదటిరోజే కట్టడి చేసింది. అందుచేత సెఫాకోర్ దుంపనుండి చిన్న ముక్కనైనా శీతలపు పెట్టెలో దాచలేదు.

ఎల్లుండి శనివారం పెండలాల పండుగ. ఆనాడు సంఘమంతా వచ్చి కూర్చుంటుంది. వారి కళ్ళయెదుట తాళం తీయాలి. తెరచుకొంటే, ఇన్నేళ్ళుగా తన విద్యలో ఒక్క మాటైనా బయటపెట్టని అబ్లావి తానూ చెబుతానన్నది. తెరచుకొనకపోతే, ఆ తొమ్మండుగురి విద్యా వారితోనే మట్టిలో కలిసిపోయినట్లే.

తోటపని చూసే డొట్సే పంపువద్ద కాళ్ళు కడుగుకొని వస్తున్నాడు. ప్రయోగశాలకు పునాది తవ్విననాటినుండి అక్కడే ఉన్న మనిషి. సెఫాకోర్ అతనిని ఎఫో అని, అనగా అన్నగారూ అని, పిలిచేది.

“ఎఫో, దుంపొకటి తక్కువొచ్చింది, చూశారా?”

“తక్కువ రావడమేంటి చెల్లెమ్మా! చేరాల్సిన చోటికి చేరింది. నిన్న పొద్దువాలే వేళ నేనే నెత్తిన పెట్టుకెళ్ళి తొగ్బెగారి గడపలో దించొచ్చాను.”

తొగ్బె ఆ ఊరి రాజు. సెఫాకోర్ కొట్టపు గుంజను పట్టుకొన్నది.

“తొగ్బెగారికా? ఎందుకు?”

“ఎందుకేంటమ్మా! కొత్త దుంప ఆయన రుచి చూడందే ఊళ్ళో ఎవరైనా ముట్టుకుంటారా? ఏ నేల తవ్వినా మొదటిది ఆయనకే. మనం ఆకాశంలో పండించామా?”

“ఇది ప్రయోగం కోసం వేసిన తోట కదా, ఎఫో.”

“ఆ సంగతి దుంపకు తెలుసా?” అన్నాడు డొట్సే తాపీగా. “నిరుడు పంపలేదు. మీ శీతలపెట్టె రెండుసార్లు చెడిపోయింది. నేను చెప్తే నవ్వారు. ఈ ఏడాది నేను ఊరుకోదలుచుకోలేదు.”

“సరే, పంపారు. నలభైలో అదే ఎందుకు తీశారు?”

“పీలదాన్ని పట్టుకెళ్తే నా మొహాన ఉమ్మరూ? అన్నిట్లోకీ అదే నున్నగా, నిండుగా, పెళ్ళికూతురిలా కనబడింది.”

నోటిదాకా వచ్చిన మాటను ఆమె మింగివేసింది. ఆ ఒక్క దుంపకోసం కన్నీరు పెడితే తాళంచెవి అదేనని ఊరంతటా డప్పు వేయించినట్లే అవుతుంది.

“మంచి పని చేశారు,” అని ఎలాగో అన్నది. “మరి తీగలు? ఎండిన తీగలేమైనా ఉన్నాయా?”

“కాల్చేశానుగా! బూడిద బెండమొక్కలకు వేశాను. చూడండి, ఎలా కాశాయో.”

అతని శ్రద్ధకు వంక పెట్టవలసినది ఏమీ లేదు. ఆ శ్రద్ధలో ఒక్క ఆకైనా మిగలలేదు, అంతే.

రాజుగారి వంటశాలకు ఆమె పరుగున వెళ్ళేసరికి కుండలు కడుగుతున్నారు. వంటపెద్ద మాన్సా చేతులు తుడుచుకొంటూ ఎదురువచ్చింది.

“మీ దుంపేనా తల్లీ? పొద్దున్నే అయిపోయింది! ఉడకబెట్టి, మెదిపి, పామాయిలు కలిపి, పైన గుడ్లు పెట్టి ఇచ్చాం. తొగ్బె రెండోసారి అడిగి మరీ పెట్టించుకున్నారు. ఎవరి తోటదే ఇది అన్నారు. డాక్టరమ్మదన్నాం. మీ పేరు మారుమోగిపోయిందనుకోండి.”

“మరి తొక్కలు?”

“తొక్కలా? అదిగో.”

మాన్సా చూపిన వైపున నల్లమేక ఒకటి, కన్నులు అరమోడ్చి, లోకాన్ని త్యజించిన యోగివలె నెమరువేస్తున్నది. సెఫాకోర్ దాని ముందు మోకాళ్ళమీద కూర్చుండి, దవడమీద చేయివేసి, “కొంచెం నోరు తెరువమ్మా, ఒక్క పీలిక చాలు,” అని బతిమాలింది. మేక పండ్లు గట్టిగా బిగించి, ఆమె తలగుడ్డ కొసను అందుకొన్నది.

“ఓయమ్మో, చూడండే! మా వంట పనికిరాలేదు, మేక ఎంగిలి కావాలంట డాక్టరమ్మకి!” అని మాన్సా కేకవేసేసరికి వంటశాల అంతా గొల్లుమన్నది.

“పోనీ, దుంప తల? తల కోసి పక్కన పెట్టే ఉంటారు కదా!”

“ఉంచకపోతే ఎలా? అది నేలతల్లి వాటా. పూజారి లోపలి ముంగిట్లో పాతిపెట్టాడు.” మాన్సా ఆమె ముఖంలోకి తేరిపార చూసింది. “ఏం, తవ్వుతారా? పార తెప్పించనా?”

సెఫాకోర్ చర్చిలో పాడేదే కాని, దేవతకు నివేదించినదానిని తవ్వి తీసే సాహసం ఏ మతంవారికీ తగదని ఎరిగిన మనిషి. కుండ అడుగున అంటినది కాస్త గీరించుకొని తిరిగివచ్చింది. దానివలనా ప్రయోజనం కలుగలేదు. ఉడికిన రాత తునకలైపోయింది. గుడ్డూ పామాయిలూ దానిలో కలిసి ఉన్నాయి. కోడికీ తాటిచెట్టుకూ పుట్టిన సంతానమేదో తన ఎదుట ఉన్నట్టు యంత్రం ఎడాపెడా అక్షరాలు రాల్చి ఊరుకొన్నది.

ఇక ఒక్కటే దారి మిగిలింది. ఆ దుంప ఎక్కడనుండి వచ్చిందో అక్కడికి వెళ్ళడం.

సెఫాకోర్‌కు తొమ్మిదేళ్ళ వయసులో అమ్మమ్మ కోశివా పొలం గట్టున ఆమె చేతిలో ఒక పెండలపు తల పెట్టి, చెవిలో అన్నది: “ఇది నీకొక్కదానికే ఇస్తున్నా. లోకంలో ఇంకెవరి దగ్గరా లేదు.” తాళంచెవిగా దేనిని పెట్టుకొనాలా అని ఆలోచించిననాడు సెఫాకోర్ మనసులో మెదలినది ఆ మాటే. పెండలాన్ని గింజతో ఎవరూ పెంచరు. తల కోసి నాటితే తీగ వస్తుంది. అలా వచ్చినది బిడ్డ కాదు, తల్లియే మరొక రూపాన. ఒక్క అక్షరమైనా సాధారణంగా మారదు. అమ్మమ్మ పొలంలో ఒక్క దుంప ఉన్నా తాళంచెవి బతికినట్లే.

శుక్రవారం తెల్లవారగానే ట్రోట్రో అనే అద్దె వ్యాను ఎక్కి, ఒడిలో ఎవరిదో కోడిగంపను మోస్తూ, కొండకు ఆవలి ఊరు చేరింది. ఎనుబది నాలుగేళ్ళ కోశివా వసారాలో బెండకాయలు తరుగుతున్నది.

“ఆ దుంపా? నా దగ్గరెక్కడిదే! మోకాలు పట్టేశాక పొలం మానేశాగా. ఉన్న తలలన్నీ ఎప్పుడో పంచేశాను.”

“పంచావా? ఎవరికి?”

“మన చర్చిలో పెళ్ళయిన ప్రతి పిల్లకీ ఒకటి. నా పెళ్ళయిన ఏడాదినుంచీ ఇస్తూనే ఉన్నా.” ముసలామె కత్తి దించి వేళ్ళు మడిచింది. “ముప్పై మంది. పక్కింటి గొణుగుడు పిల్లను కూడా కలిపితే ముప్పై ఒక్కరు.”

“అమ్మమ్మా! నాకొక్కదానికే అన్నావు!”

“అన్నాను.”

“లోకంలో ఇంకెవరి దగ్గరా లేదన్నావు!”

“అన్నాను. వాళ్ళతోనూ అదే అన్నాను.”

“అందరితోనా?”

“అలా అంటేనే కదే శ్రద్ధగా నాటి నీళ్ళు పోసేది! ఊరికే చేతిలో పెడితే ఆ పూటే పులుసులో పడేస్తారు. ముప్పై ఒక్కళ్ళలో ఒక్కత్తి కూడా రెండోదానితో చెప్పలేదు, చూశావా? ఎవరికి వాళ్ళే మహా గుట్టు!” అని కోశివా తన తెలివికి తానే మురిసిపోయింది. “నువ్వేంటే, ఏడుస్తున్నావా నవ్వుతున్నావా?”

“తెలియడం లేదమ్మమ్మా,” అన్నది సెఫాకోర్. ఆమె రెండూ చేస్తున్నది.

పక్క ఇంటి కోడలు యాయ్రా ఆ ముప్పై ఒక్కరిలో చివరిది. ఆమె తలుపు వేసి, కొట్టు లోపలినుండి ఒక దుంపను గుడ్డలో చుట్టి తెచ్చి, గుసగుసగా అన్నది: “అక్కా, ఇది కోశివా అమ్మమ్మ నాకొక్కదానికే ఇచ్చింది. దయచేసి ఎవరితోనూ అనకండి.”

“అనను,” అన్నది సెఫాకోర్ గంభీరంగా.

తిరుగు బండిలో దుంప ఆమె ఒడిలో ఉన్నది. కొండమలుపుల వద్ద అది అటూ ఇటూ దొర్లుతుంటే ఆమె మనస్సూ దానితోపాటు దొర్లింది. ఈ దుంపను తెచ్చి మూడవ వరుసలో నాలుగవ చోట పెడితే చాలు. రేపు తాళం తెరచుకొంటుంది. అందరూ చప్పట్లు కొడతారు. అబ్లావి నోరు విప్పుతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. కాని, ఒక్కటే తాళంచెవి అని తాను అరవై ఒక్క ఇళ్ళలో చెప్పిన మాట? అది ముప్పై ఒక్క వంటిళ్ళలో ఉన్నదని ఇప్పుడు తెలిసీ దాచితే, నిన్నటిదాకా పొరపాటుగా ఉన్నది రేపటినుండి అబద్ధమవుతుంది. చెప్పితేనో, ఆ వైద్యులు లేచి, మా మాటలు మాకు ఇచ్చివేయమని అడుగుతారు. అడిగే హక్కు వారికి ఉన్నది. మూడేళ్ళ శ్రమ ఒక్క పూటలో చెరిపివేయవలసి వస్తుంది.

ఆ సాయంకాలం చర్చిలో పండుగ ఆరాధనకు పాటలు అభ్యసించారు. సెఫాకోర్ పెదవులు కదిలాయి కాని గొంతు కలవలేదు. పాటలయ్యాక ఒక్కతే బల్లమీద కూర్చుండి, ప్రభూ, రేపు తాళం తెరచుకొనేట్లు చూడు అని అడిగింది. ఆ అడుగుడు సాఫీగా సాగింది. అయితే దానివెంట, ఎవరికీ తెలియకుండా చూడు అని అడగబోయేసరికి మాట పెగల్లేదు. మూడుసార్లు మొదలుపెట్టి, మూడుసార్లూ ఆగిపోయి, అంతటితో ఏమి చేయాలో తెలుసుకొని లేచింది.

శనివారం తప్పెటలు మోగుతుండగా యాభై ఇద్దరు వైద్యులు ప్రయోగశాల ముందరి పందిట్లో కూర్చున్నారు. నడుమ అబ్లావి. ఎత్తయిన మనిషి, నల్లంచు తెల్లబట్ట, ఒడిలో సీసాల పెట్టె. సెఫాకోర్ దుంపను బల్లమీద పెట్టి, ఏదీ దాచకుండా చెప్పింది. తాళంచెవి పెండలపు దుంప అని చెప్పింది. దానిని తొగ్బె ఆరగించారని చెప్పింది. అక్కడ కొందరు దగ్గారు. తొక్కను మేక తిన్నదని చెప్పింది. అక్కడ దగ్గులు నవ్వులయ్యాయి. డొట్సే మాత్రం లేచి నిలబడి, “నాకు చెప్తే వేరేది తీసుకెళ్ళేవాణ్ణిగా!” అని ఆక్రోశించాడు.

“చెప్తే అది రహస్యం ఎలా అవుతుందయ్యా, కూర్చో!” అన్నారు ఎవరో.

తన అమ్మమ్మ ఆ దుంపను ముప్పై ఒక్కరికి పంచిందనీ, ఆ సంగతి తనకు నిన్ననే తెలిసిందనీ ఆమె చెప్పేసరికి నవ్వులు ఆగిపోయాయి.

“అంటే,” అన్నది అబ్లావి మెల్లగా, “మా తాళంచెవి ముప్పై ఒక్క ఇళ్ళలో పొయ్యిమీద ఉడుకుతోందన్నమాట.”

“అవును పెద్దమ్మా. సీసాలు మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి ఎవరూ తెరిచి ఉండరు. కానీ నేనిచ్చిన మాట ప్రకారం మాత్రం లేదు. తాళం తీసి చూపిస్తాను. తరవాత ఉంచమంటే ఉంచుతాను, చెరిపెయ్యమంటే మీ ముందే చెరిపేస్తాను.”

వెనుక వరుసలో ఫోలి అనే ఎముకల వైద్యుడు లేచాడు. “చెరిపెయ్యడమే మేలు! ఆమె అమ్మమ్మ పెరట్లో కూరగాయని తెచ్చి మా విద్యకు తాళమేసింది. రేపు దోసకాయ అంటుంది!”

“ముందు తియ్యనీ ఫోలీ,” అన్నది అబ్లావి. “పోయిన తొమ్మిదిమంది లోపలున్నారు. వాళ్ళను బయటికి రానిచ్చి తరవాత పోట్లాడు.”

దుంపనుండి గోరంత ముక్క కోశారు. సీసాలలోని చుక్కలు కలిపారు. అరచేతిలో ఇమిడే యంత్రం చదవడానికి రెండు గంటలు పట్టింది. ఆలోగా అబొలో రొట్టెలు, వేపిన చేపలు వచ్చాయి. సెఫాకోర్ ఏమీ ముట్టలేదు. చివరికి సంఖ్య వచ్చింది. ఆమె దానిని తాళానికి అందించింది.

తెరచుకొనలేదు.

మళ్ళీ ప్రయత్నించింది. తెరచుకొనలేదు. తరువాత తెలిసినదేమంటే, యాయ్రాకు కోశివా ఇచ్చిన తీగ కరువు ఏడాదిలో చచ్చిపోతే, ముసలామె మనసు నొచ్చుకొంటుందని సంతలో కొన్న మరొకదానిని అదే గుంటలో నాటి, ఎవరికీ చెప్పకుండా ఊరుకొన్నదట. ఆ సంగతి అప్పుడు సెఫాకోర్‌కు ఎలా తెలుస్తుంది? పందిట్లో ఎవరూ రొట్టె నమలడం లేదు.

“ఇంతకీ ఎవరమ్మా మీ అమ్మమ్మ?” అని అడిగింది అబ్లావి.

“కొండవతల ఊరండి. కోశివా.”

అబ్లావి ముఖంలో రంగు మారింది. “చర్చి పక్కిల్లు? కుడిచెంప మీద మచ్చ?”

“ఆమే పెద్దమ్మా. మీకు తెలుసా?”

“నా పెళ్ళి ఆ చర్చిలోనే అయింది,” అన్నది అబ్లావి. “నలభై ఆరేళ్ళ కిందట. బయటికొస్తుంటే నన్ను పక్కకి పిలిచి, ఒక దుంప తల చేతిలో పెట్టి, చెవిలో చెప్పింది...”

“‘నీకొక్కదానికే!’” అన్నది పందిరంతా ఒక్క గొంతుతో.

నలభై ఆరేళ్ళ గుట్టు అలా గాలిలో కలిసిపోవడం అబ్లావికి మింగుడుపడలేదు. “నేను మా ఆయనక్కూడా చెప్పలేదు,” అన్నది చిన్నగా. అటుపిమ్మట ఆమె భుజాలు కదలసాగాయి. అంతటి మనిషీ కన్నీళ్ళు కారేటట్లు నవ్వింది.

“డొట్సే! మా పెరట్లోకి పో. తూర్పు మూల పందిరి మీద పాకింది, దాని కింద తవ్వు. నున్నగా ఉన్నదా నిండుగా ఉన్నదా అని చూడకు, ఏదో ఒకటి పట్టుకురా!”

మరో రెండు గంటలు గడిచాయి. ఈసారి ఎవరూ లేవలేదు. ఫోలి సైతం యంత్రం పక్కనే స్టూలు వేసుకొని, దానిని నమ్మనివానివలె రెప్పవేయక చూస్తున్నాడు. సంఖ్య వచ్చింది. సెఫాకోర్ దానిని అందించింది.

మొదట గరగర. పిమ్మట ఒక ముసలి దగ్గు. ఆపైన అందరూ ఎరిగిన గొంతు, నిరుడు వానలలో పోయిన అగ్బెకో తాతది: “ఏమ్మా, ఇందులో మాట్లాడితే నా గొంతు ఇదే ఉంచేసుకుంటుందా? మళ్ళీ నాకు తిరిగి రాదా?” ఆ వెనుకనే ఆయన నవ్వు.

అగ్బెకో కూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకొన్నది. మందు మాటలు మొదలుకాకమునుపే సెఫాకోర్ ఆపివేసింది. తప్పెటలు వీధి చివరకు పోయాయి.

“సరే, తెరుచుకుంది,” అన్నాడు ఫోలి గొంతు సవరించుకొని. “అయినా చెరిపెయ్యాలనే అంటాను. ముప్పై ఒక్క ఇళ్ళు!”

“ఫోలీ,” అన్నది అబ్లావి, “దుంప నా పెరట్లో ఉంది. సీసాలు నా అలమరలో ఉన్నాయి. నేను దొంగనైతే మీ అందరి విద్యా ఈపాటికి నాది.”

“మీకు యంత్రం పెట్టడం రాదుగా పెద్దమ్మా.”

“అదే మిమ్మల్ని కాపాడింది. ఇప్పుడు నామాట విను. ఇవాళ ఈ పిల్ల నోరు మూసుకుని, నిన్ననే ఎవరో ఒకరిని పట్టుకుని ఇంకో దుంప తెచ్చుకుని ఉంటే నీకు తెలిసేదా?”

“తెలిసేది కాదు.”

“నాకూ తెలిసేది కాదు. తాళం చెడిపోయిందని మనతో చెప్పింది తాళం వేసిన మనిషే. ఇంకొకళ్ళను ఎక్కడ వెతుకుతావు? తాళం మారుద్దాం. మనిషిని మార్చొద్దు.”

ఫోలి తల గోక్కొని కూర్చున్నాడు. పోనీ ఈసారి దుంపకు బదులు మనుషుల ఉమ్మి పెడితే ఎలా ఉంటుందని ఎవరో అడిగారు. దానిలోనూ రాత ఉంటుందట కదా అన్నారు. “నా రాతలో సగం మా తమ్ముడి దగ్గర కూడా ఉంటుందంట,” అన్నాడు ఫోలియే, “వాడు దాన్ని సీసాడు సారాకి ఇచ్చేస్తాడు.” ఆ ప్రతిపాదన అంతటితో ముగిసింది.

“గింజనుంచి పుట్టినదాన్ని పెట్టుకోవాలమ్మా,” అన్నది అబ్లావి, సెఫాకోర్ వైపు తిరిగి. “తలనుంచి వచ్చేది తల్లే. ఎన్నిచోట్ల నాటినా అదే ముఖం. గింజనుంచి వచ్చింది అలా కాదు, అమ్మా నాన్నా పోలికలున్నా తీరు దానిదే. ఏ రెండు గింజలూ ఒక్కటి కావు. ఈ మాట నీ పుస్తకాల్లో లేదా?”

“ఉంది పెద్దమ్మా,” అన్నది సెఫాకోర్ తలవంచుకొని. “మొదటి పాఠమే. కానీ మా అమ్మమ్మ చెప్పింది కదా అని...”

“అమ్మమ్మ చెప్తే నేనూ నమ్మానుగా. సరే, ఇకమీదట చెట్టు నాది, చుక్కలు నీవి. నేను గింజ వేసి పెంచినవి అడవిలో చాలా ఉన్నాయి. ఏదో ఒకదాని ఆకు నలిపి గుడ్డలో కట్టి తెస్తాను. ఏ చెట్టని అడక్కు. నీ చుక్కలేవో నేనడగను.”

“ఆ చెట్టు చచ్చిపోతే?” అన్నాడు డొట్సే. ఈ విషయంలో అనుభవం ఉన్నవాడు అతడొక్కడే.

“కొమ్మ విరిచి ఇంకోచోట నాటి ఉంచుతాను. ఎక్కడో చెప్పను. నీకు అసలే చెప్పను.”

అబ్లావి వెళ్ళి గుడ్డమూట తెచ్చింది. సెఫాకోర్, ఏ మొక్కకైనా సరిపడే చుక్కలలో తన ఇష్టం వచ్చినవి ఏరుకొని, పొద్దు వాలకముందే పాత తాళం తీసివేసి కొత్తది వేసింది. సంఘమంతా చేతులెత్తి సమ్మతి తెలిపింది. ఫోలి చేయి అందరికన్నా ఆలస్యంగా లేచిన మాట నిజమే. లేచిన తరువాత మాత్రం అందరికన్నా ఎత్తుగా లేచింది.

అప్పుడు అబ్లావి లోపలి గదిలోకి వెళ్ళి, యంత్రం ఎదుట కుర్చీ లాగుకొని కూర్చున్నది.

“ఎక్కడ నొక్కాలి?”

“ఆ ఎర్రది పెద్దమ్మా. మీరు...”

“తెలిసింది. నువ్వు బయటికి పో. తలుపు వేసి పో.”

సెఫాకోర్ తలుపు వేసి వసారాలో కూలబడింది. రెండు రోజుల ఆకలి అప్పుడు ఒక్కసారిగా జ్ఞాపకం వచ్చింది. ఎవరో ఆమె చేతిలో దంచిన ఫుఫు ముద్దా పులుసూ ఉన్న గిన్నె పెట్టారు. లోపల అబ్లావి గొంతు సన్నగా, తడబడకుండా సాగుతున్నది. ఒక్క మాటా తెలియడం లేదు. తెలియరాదు కూడా. సెఫాకోర్ మొదటి ముద్ద పులుసులో ముంచి నోట పెట్టుకొనబోతుండగా తలుపు కొద్దిగా తెరచుకొని అబ్లావి తల బయటికి వచ్చింది.

“ఇది ఎంతసేపు వింటుందే?”

“మీరు చెప్పినంతసేపూ వింటుంది పెద్దమ్మా.”

“అట్లాగా!” అన్నది అబ్లావి. క్షణం ఆలోచించింది. “అయితే రేపు ఆరాధనకు నేను రానని పాస్టరుగారితో చెప్పు.”

తలుపు మూసుకొన్నది.